బడి మూసిన రోజుల్లో ఇంటింటికీ కబురు

కరోనా కాలంలో ఆన్‌లైన్ చదువుల గురించి చాలామంది రాశారు. నేను రాయాలనుకున్నది పాఠం కంటే ముందు సంగతి. బడి ఉందా లేదా, పుస్తకాలు ఎప్పుడిస్తారు, పిల్ల పై తరగతికి పోయినట్టేనా కాదా, టీవీలో పాఠం ఏ పూట వస్తుంది. ఇలాంటి మామూలు మాటలను ఒక చిన్న ప్రాథమిక పాఠశాల నుంచి ఇంటింటికీ చేర్చడానికి మేం ఏం చేశామో, అందులో ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో చెబుతాను.

మాది తెలంగాణలో నారాయణపేట జిల్లా, మద్దూరు వైపు ఒక ఊరు. జిల్లా 2019 ఫిబ్రవరిలో వచ్చింది కానీ ఊరివాళ్లు ఇప్పటికీ మాది పాలమూరే, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లానే అంటారు. ఊరి పిల్లలతో పాటు రెండు తండాల పిల్లలూ మా బడికే వస్తారు. హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుడు) సార్, నేను, ఇద్దరమే టీచర్లం. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ మావే. పాలమూరు అంటేనే వలస. దసరా, దీపావళి అయ్యాక చాలా ఇళ్లలో అమ్మానాయినలు బొంబాయికో పుణెకో మేస్త్రీ వెంట పనికి పోతారు. పిల్లలు అవ్వ దగ్గర, తాత దగ్గర ఉండి చదువుకుంటారు. తల్లిదండ్రులకు సమాచారం ఇవ్వండి అని పైనుంచి ఆదేశం వచ్చినప్పుడు మాకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఆ తల్లిదండ్రులు ఎక్కడున్నారు అనేదే.

2020 మార్చి 14, శనివారం నాడు ప్రభుత్వం బడులకు సెలవులు ప్రకటించింది. నెలాఖరు దాకా అన్నారు. ఎండలు ముదురుతున్నాయి, ఇక ఒంటిపూట బడులే అని పిల్లలు సంబరపడుతున్న రోజులవి. మా బడి అంతకుముందు ఏ కబురైనా పిల్లలతోనే పంపేది. రేపు మీ అమ్మను రమ్మను, ఆధార్ జిరాక్స్ తెమ్మను, ఎల్లుండి నులిపురుగుల మాత్రలు వేస్తారని చెప్పు. సాయంత్రం గంట కొట్టేముందు ఆ మాట పదిసార్లు అనిపించి పంపేవాళ్లం, ఇంటికి చేరేది. పిల్లలు బడికి రావడం ఆగిపోగానే ఆ దారి పూర్తిగా మూసుకుపోయింది. దాని విలువ అప్పుడు తెలిసింది.

ఆ ఏడాది ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. పండుగకని ముందే ఇల్లు చేరినవాళ్లు ఊళ్లో ఉండిపోయారు. పండుగ నాటికి వద్దామనుకున్నవాళ్లు బొంబాయిలోనే చిక్కుకున్నారు. అప్పటి నుంచి మాకు ఫోన్లు మొదలయ్యాయి. మేం చేసినవి కావు, వాళ్లు చేసినవి. "మేడం, మా పోరి మంచిగున్నదా? మా అవ్వ ఫోన్ ఎత్తుతలేదు." "సార్‌కు చెయ్యబోతే కలుస్తలేదు, ఊళ్లెకు రోగం వచ్చిందంట కదా, నిజమేనా?" బియ్యం గురించి అడిగేవాళ్లు, రేషన్ కార్డు మీద మనిషికి 12 కిలోలు, ఇంటికి 1,500 రూపాయలు పడతాయట కదా అని అడిగేవాళ్లు. ఇవి బడికి సంబంధించినవి కావు. కానీ ఊళ్లో తమకు తెలిసిన, ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడే ప్రభుత్వ మనిషి అంటే వాళ్లకు టీచరే. తెలిసింది చెప్పాను. తెలియనిది పంచాయతీ కార్యదర్శిని కనుక్కొని చెప్పాను. నా పని కాదు అని ఒక్కసారి అంటే రేపు బడి గురించి నేను చెప్పే మాట కూడా ఎవరూ వినరని నాకు గట్టిగా అనిపించింది.

ఇక మేం చేయాల్సిన ఫోన్ల సంగతి. అడ్మిషన్ రిజిస్టర్‌లో ప్రతి పిల్లకూ ఎదురుగా ఒక నంబర్ ఉంటుంది. ఏప్రిల్‌లో హెచ్ఎం సార్, నేను ఆ నంబర్లు పంచుకుని వరసగా చేయడం మొదలుపెట్టాం. చాలా నంబర్లు పనిచేయడం లేదు. కొన్ని వేరే ఎవరివో అయిపోయాయి, ఎత్తినవాళ్లు ఇంకో జిల్లావాళ్లు. ముగ్గురు నలుగురు పిల్లలకు ఒకే నంబర్ ఉంది, అది అడ్మిషన్ నాడు పక్కన నిలబడ్డ బంధువుది. కొన్ని నంబర్లు బాగానే పనిచేస్తున్నాయి, కానీ ఆ ఫోన్ నాయిన జేబులో బొంబాయిలో ఉంది, పిల్ల ఇక్కడుంది. ఇంట్లో ఉన్న అవ్వ దగ్గరున్న బటన్ల ఫోన్‌కు రీచార్జ్ అయిపోయి ఇన్‌కమింగ్ కూడా ఆగిపోయింది. రిజిస్టర్ చూస్తే అందరికీ ఫోన్ ఉన్నట్టే లెక్క. మాట మాత్రం సగం ఇళ్లకు కూడా చేరదు.

అప్పుడు ఒక కొత్త నోట్‌బుక్ పెట్టాం, ఇంటికో పేజీ. మొదట రాసిన ప్రశ్న, ఫోన్ ఎవరిది అన్నది కాదు, పగటిపూట ఆ ఫోన్ ఎక్కడ ఉంటుంది అన్నది. ఆ ఒక్క ప్రశ్నతో చాలా సంగతులు తేలాయి. పొద్దున చేనుకు పోయి రాత్రి ఇంటికొచ్చే ఫోన్, పగలంతా అన్న దగ్గర ఆటలాడుతూ ఉండే ఫోన్, ఎప్పుడూ చార్జింగ్ లేని ఫోన్, బొంబాయి ఫోన్. తర్వాత, ఎత్తేది ఎవరు? ఇంట్లో చదవడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? తెలుగులో చెబితే చాలా, లంబాడీలో చెప్పాలా? ఈ ఇంటికి ఫోన్ కలవకపోతే ఏ ఇంటికి చేస్తే మాట పోతుంది? ఇది చివరి ప్రశ్న అయినా మాకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది. ఎందుకంటే పొరుగింటి పేరు అడిగితే సరిపోదు. రెండిళ్ల మధ్య గట్టు పంచాయితీ ఉంటే పక్కింటికి చెప్పిన కబురు పక్కింట్లోనే ఆగిపోతుంది. ఎవరితో మాటలున్నాయో వాళ్లే చెప్పాలి. కొందరు పక్కిల్లు వదిలేసి వాడ చివరన ఉన్న మేనత్త ఇల్లు చెప్పారు.

ఈ వివరాలన్నీ మేం ఇల్లు కదలకుండా రాబట్టలేదు. నేను మహబూబ్‌నగర్ టౌన్‌లో ఉంటాను. మే 19న జిల్లాల్లో ఆర్టీసీ బస్సులు మళ్లీ తిరిగేదాకా ఊరికి పోయే దారే లేదు. ఆ రెండు నెలలు అంగన్‌వాడీ టీచర్, ఆశా వర్కర్ మాకు కాళ్లూ చేతులూ అయ్యారు. వాళ్లు ఎలాగూ జ్వరాల సర్వేకు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. అంత పనిలోనూ నా ఫోన్ ఎత్తి, "ఆగు మేడం, గీ ఇంట్లనే ఉన్న, అవ్వకిస్త మాట్లాడు" అని తమ ఫోన్ లోపలికి ఇచ్చేవాళ్లు. వాళ్ల జీతాలు ఎంత తక్కువో అందరికీ తెలుసు. ఆ నోట్‌బుక్‌లో సగం వాళ్ల చలవే.

మే నెలలో బొంబాయి నుంచి జనం రావడం మొదలైంది. చేతి మీద క్వారంటైన్ ముద్ర, ఇంటి గోడకు కాగితం, పద్నాలుగు రోజులు బయటికి రావద్దు. పిల్ల ఎప్పట్నించో అవ్వ దగ్గర ఉంది, నెలల తర్వాత అమ్మానాయిన వచ్చారు, కానీ ముట్టుకోవద్దు. ఊళ్లో వాళ్లను చూసి జనం తప్పుకుని పోయేవాళ్లు. ఆ ఇళ్లకు మేం తప్పకుండా ఫోన్ చేయాలని పెట్టుకున్నాం. చెప్పడానికి పెద్ద సంగతేమీ లేదు. బడి ఇంకా తెరవలేదు, పిల్ల పేరు రిజిస్టర్‌లో భద్రంగా ఉంది, మీ రోజులు అయిపోయాక పుస్తకాలు మీ ఇంటికే వస్తాయి. ఇంతే. ఒక నాయిన అన్నాడు, "ఊళ్లె అడుగుపెట్టినంక మమ్ముల పలకరిచ్చింది మీరే మేడం." ఆ మాట విన్నాక కబురు అంటే నోటీసు మాత్రమే కాదని నాకు అర్థమైంది.

ఆ వేసవిలో అన్నిటికంటే కష్టమైంది తేదీలు చెప్పడం. మొదట మార్చి 31 అన్నారు. తర్వాత లాక్‌డౌన్ ఏప్రిల్ 14 దాకా. ఆ తర్వాత కేంద్రం మే 3 అంటే మన రాష్ట్రం మే 7 అంది, మళ్లీ మే 29 అంది. తేదీ దగ్గర పడ్డప్పుడల్లా జనం ఆశపడేవాళ్లు, అది దాటిపోగానే చెప్పినవాళ్ల మీద నమ్మకం తగ్గేది. టీవీ చూసి చెప్పేవాళ్లు, వాట్సాప్‌లో వచ్చింది చూపించేవాళ్లు, ఎవరి తేదీ వాళ్లది. హెచ్ఎం సార్ ఒక నియమం పెట్టారు. ఉత్తర్వు కాగితం చేతికి వచ్చేదాకా బడి నుంచి ఏ తేదీ చెప్పొద్దు. కాగితం లేకపోతే "ఇంకా తెలియదు, తెలిసిన రోజే చెబుతాం" అనాలి. తెలియదు అని చెప్పడానికి కూడా వారం వారం ఫోన్ చేయాలి. మొదట్లో నాకు ఇది వృథా అనిపించింది, తెలియదని చెప్పడానికి ఫోనెందుకు అని. కానీ ఫోన్ రాని వారం ఇంటివాళ్లు ఊరుకోరు, ఇంకెవరినో అడుగుతారు. ఆ ఖాళీలోకే పుకారు వస్తుంది. పరీక్షలు లేకుండానే అందరినీ పై తరగతికి పంపుతున్నారని ప్రభుత్వం చెప్పినా, ఈసారి చదివిన తరగతే మళ్లీ చదవాలట అన్న మాట మా ఊళ్లో జూన్ దాకా తిరిగింది. ఒకరిద్దరు తాతలు నాతో గట్టిగా వాదించారు కూడా. "పరీచ్చ లేకుండ పాసెట్లయితరమ్మా, గట్లెన్నడన్న అయ్యిందా?" అని. వాళ్ల అనుమానం న్యాయమైనదే.

వాట్సాప్ గ్రూప్ గురించి. జూన్‌లో అందరిలాగే మేమూ పెట్టాం. పైనుంచి వచ్చిన సర్క్యులర్ ఫొటో అందులో వేస్తే చేరవేసినట్టు లెక్క. రెండు నీలి గీతలు పడతాయి, చూసినట్టు. చూసింది ఎవరు? ఇంటర్ చదివే అన్న. వాడికి తమ్ముడి బడి సంగతి ఎందుకు? మా గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు, పండుగ బొమ్మలు, ఎవరో పంపిన కషాయం వీడియోలు నిండిపోయి, పుస్తకాలు ఇచ్చే రోజు ఎప్పుడో పైకి పోయి కనబడకుండా అయింది. గ్రూపు తీసెయ్యలేదు, కానీ అందులో టీచర్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చాం. రాతకు బదులు గొంతు పంపడం మొదలుపెట్టాం. అర నిమిషం దాటకూడదు. రోజుకు ఒకటే. రాత్రి ఏడు దాటాకే, ఎందుకంటే చేనుకు పోయిన ఫోన్ ఇంటికొచ్చేది అప్పుడే. గొంతైతే అవ్వ వింటుంది, పిల్ల వింటుంది, వంట చేస్తున్న అమ్మ కూడా వింటుంది.

మా ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) చైర్‌పర్సన్ తండాలో ఉండే ఒక తల్లి. పదో తరగతి దాకా చదువుకుంది. నేను పంపిన మాటను ఆమె తండాలో ఇంటింటికీ విడమరిచి చెప్పాల్సి వచ్చేది. ఒకరోజు ఫోన్ చేసి, "మేడం, మీరు నాకు చెప్పుండ్రి, నేను మా మాటల పెడ్త గ్రూపుల" అంది. ఆమెకూ గ్రూపులో పెట్టే వీలిచ్చాం. అప్పటి నుంచి ప్రతి కబురూ రెండు గొంతుల్లో పోయేది, ఊరికి నాది, తండాలకు ఆమెది. ఆమె గొంతుతో పోయినప్పటి నుంచి తండాల నుంచి తిరిగి అడగడం మొదలైంది. అంతకుముందు నేను పంపితే "సరే మేడం" అని ఊరుకునేవాళ్లు. ఆమె పంపితే, మా పిల్లకు బూట్లిస్తరా, గా పుస్తకం రెండోది రాలేదు, నా కొడుకు ఆధార్‌ల పేరు తప్పుంది, ఇలా వరసగా వచ్చేవి. ప్రశ్నలు వస్తేనే మాట చేరినట్టని నేను లెక్కపెట్టుకోవడం అప్పటి నుంచే.

ఫోన్ లేని ఇళ్లకు పాత పద్ధతులే దిక్కయ్యాయి. పొద్దున పంచాయతీ మైకులో నల్లా నీళ్ల ప్రకటన అయ్యాక మాకు రెండు నిమిషాలు ఇచ్చేవాళ్లు. తండాలో మైకు లేదు, అక్కడ తండా పెద్దలు నాయక్, కారోబారి చెబితే వింటారు. రేషన్ షాపు దగ్గర, కిరాణం దగ్గర, వాటర్ ట్యాంకు గోడ మీద చార్టు అంటించేవాళ్లం. పెద్ద అక్షరాలు, నాలుగు లైన్లకు మించకుండా. వానకు తడిసిపోతే మళ్లీ రాసేవాళ్లం.

ఆగస్టు 27 నుంచి టీచర్లు బడికి రావాలన్నారు. సెప్టెంబర్ 1, మంగళవారం నుంచి టీవీ పాఠాలు. టీ శాట్ విద్య, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో మూడో తరగతి నుంచి పైవాళ్లకు. ఒకటి, రెండు తరగతులకు లేవు. ఇది చెప్పడం నాకు నిజంగా కష్టమైంది. ఆరేళ్ల పిల్లను ఆ ఏడాదే బడిలో చేర్పించిన తల్లి అడుగుతుంది, "మా పిల్లకు టీవీల లేదా మేడం, మరి దానికి సదువెట్ల?" అని. లేదు అని చెప్పి ఊరుకోలేం కదా. పలకలు, అక్షరాల కాగితాలు ఇళ్లకు పంపుతాం, పోయిన వారం కాగితం చూసి కొత్తది ఇస్తాం అని చెప్పాం, అలాగే చేశాం.

టీవీ పాఠాల టైంటేబుల్ పెద్ద పట్టిక. అన్ని తరగతులూ, అన్ని సబ్జెక్టులూ, రెండు చానళ్లూ. దాన్ని అలాగే పంపితే ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. మేం తరగతికో చీటీ చేశాం. నాలుగో తరగతి పిల్లకు నాలుగో తరగతి పాఠాలే, ఆ వారానివే. ఇంకో చిక్కు చానల్ నంబర్. ఊళ్లో కేబుల్‌కు ఒక నంబర్, ఒక్కో కంపెనీ డిష్‌కు ఒక్కో నంబర్. ఆ సంగతి నోట్‌బుక్‌లోకి ఎక్కించి, ఎవరింట్లో ఏ డిష్ ఉందో చూసి, చీటీ మీద ఆ నంబర్ చేత్తో రాసి ఇచ్చాం. కొన్ని ఇళ్లలో డిష్ రీచార్జ్ అయిపోయింది, ఆ పిల్లలను పక్కింటి టీవీకి జత చేశాం. ఇక్కడ కూడా మాటలున్న ఇల్లే చూడాలి. రోజూ ఎంతమంది టీవీలో చూశారు, ఎంతమంది ఫోన్లో చూశారు, ఎంతమంది చూడలేదు అని పైకి లెక్క పంపాలి. ఆ లెక్క కోసం ఫోన్ చేస్తే జనం చూసినమనే అంటారు. అందుకే నేను చూశారా అని అడగడం మానేసి, ఇవాళ పాఠంలో ఏం చెప్పారో చెప్పు బిడ్డా అని పిల్లనే అడిగేదాన్ని.

అక్టోబర్ వచ్చేసరికి పత్తి ఏరే పని మొదలైంది. ఆ ఏడు అధిక ఆశ్వయుజం వచ్చి బతుకమ్మ కూడా వెనక్కి జరిగింది, పండుగ నాటికి చేన్లు తెల్లగా ఉన్నాయి. పిల్లలు తల్లుల వెంట చేనుకు పోతున్నారు. రాత్రి ఏడుకు ఫోన్ చేస్తే అలసిపోయి పడుకున్నారు. తెల్లవారి ఆరు లోపలే గొంతు పంపడం మొదలుపెట్టాం, బయల్దేరేముందు వింటారని.

ఆ రోజుల్లోనే గురుకులం పరీక్ష సంగతి వచ్చింది. నాలుగో తరగతి చదివిన పిల్లలు ఐదులో గురుకులంలో చేరడానికి రాసే పరీక్ష. వలస ఇళ్లకు అది ఎంత పెద్ద ఆశో చెప్పలేను. పిల్ల హాస్టల్లో ఉంటే తిండికీ చదువుకూ బెంగ లేకుండా తల్లిదండ్రులు పనికి పోవచ్చు. 2020 వేసవిలో జరగాల్సింది వాయిదా పడి దసరా దాటాకే జరిగింది. దరఖాస్తు ఇంటర్నెట్ సెంటర్లో పెట్టిస్తారు, ఫోన్ నంబర్ అడిగితే అప్పటికి తోచింది ఇస్తారు, మెసేజ్ ఎవరికో పోతుంది. కొందరి దరఖాస్తు కాగితం కూడా ఇంట్లో దొరకలేదు. మా దగ్గర దరఖాస్తు పెట్టినవాళ్ల పేర్లు ఉన్నాయి కాబట్టి ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేశాం. గ్రూపులో వేసి వదిలెయ్యలేదు. హాల్ టికెట్లు మేమే ప్రింట్ తీయించి ఇళ్లకు చేర్చాం. పరీక్ష సెంటర్‌కు ఎలా పోవాలి, ఎవరి ఆటోలో పోవాలి, మాస్కు పెట్టుకోవాలి, ఇవన్నీ ముందు రోజు మళ్లీ చెప్పాం. అన్ని కబుర్లూ ఒకే బరువు కావు. చార్టు మీద రాసి వదిలేయగలిగేవి కొన్ని ఉంటాయి. మనిషి నోటి నుంచి తిరిగి "విన్న" అనిపించుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. పిల్ల ఏడాదిని మార్చే కబురు రెండో రకం.

2021లో పెద్ద పిల్లలకు బడులు తెరిచారు. ఫిబ్రవరి 1 నుంచి తొమ్మిది, పది, ఫిబ్రవరి 24 నుంచి ఆరు, ఏడు, ఎనిమిది. మా ఒకటి నుంచి ఐదు మాత్రం తెరవలేదు. అన్న సంచి వేసుకుని హైస్కూలుకు పోతుంటే చెల్లె గేటు దాకా వచ్చి నిలబడేది. మార్చి 24 నుంచి అవీ మూశారు. ఆ తర్వాత రెండో వేవ్. ఆ నెలల గురించి ఎక్కువ రాయలేను. మా పిల్లల ఇళ్లలోనూ జబ్బు వచ్చింది, కొందరు పెద్దవాళ్లు పోయారు. అప్పుడు మేం పాటించింది ఒకటే, ఏ ఇంట్లో జబ్బు ఉందో బడి నుంచి ఎవరికీ చెప్పకూడదు. ఎవరైనా ఫోన్ చేసి అడిగినా చెప్పకూడదు. కావాల్సినవాళ్లకు ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) ఫోన్ నంబర్ ఇచ్చేవాళ్లం.

2021 ఆగస్టు చివరి వారం నాకు బాగా గుర్తుంది. సెప్టెంబర్ 1 నుంచి అన్ని తరగతులూ తెరుస్తారని ప్రకటించారు. మా పిల్లలకు దాదాపు ఏడాదిన్నర అయింది బడి చూడక. పంచాయతీ వాళ్లు బడి కడిగించి మందు చల్లించారు. ఊరంతా చెప్పాం, మైకులో చెప్పాం, ఇంటింటికీ పోయి చెప్పాం. సరిగ్గా ఆగస్టు 31న హైకోర్టు ఆదేశం వచ్చింది. గురుకులాలు, హాస్టళ్లు తెరవొద్దు, మామూలు బడులకు కూడా పిల్లలను రమ్మని బలవంతం చేయొద్దు అని. సాయంత్రం టీవీలో "స్టే" అన్న మాట పడగానే ఫోన్లు మొదలయ్యాయి. బడి లేదంట కదా మేడం? అక్క గురుకులానికి పెట్టె సర్దుకుంది, తమ్ముడు మా బడికి సంచి సర్దుకున్నాడు, ఇద్దరిలో ఎవరు పోవాలి, ఎవరు ఉండాలి?

హెచ్ఎం సార్ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కునేదాకా మేం ఎవరికీ ఏమీ చెప్పలేదు. కనుక్కుంటున్నాం, గంటలో చెబుతాం అని మాత్రం అన్నాం. తర్వాత నేను పంపిన మాట ఇది: "నమస్తే. రేపు మన ఊరి బడి ఉంటది. ఒకటి నుంచి ఐదు దాకా అందరికీ. పంపాలా వద్దా అనేది మీ ఇష్టం. పంపకపోతే పిల్లల పేరు కొట్టెయ్యం, మీ మీద ఏ మాటా రాదు. గురుకులాలు మాత్రం ఇప్పుడు తెరవడం లేదు, పెద్ద పిల్లలను ఇంట్లనే ఉంచుండ్రి. అనుమానం ఉంటే రాత్రి పదింటి దాకా నాకు ఫోన్ చెయ్యుండ్రి." చైర్‌పర్సన్ తన మాటలో తండాలకు పంపింది. గొంతు చేరని ఇళ్లకు నోట్‌బుక్‌లో రాసుకున్న మేనత్తలు, చిన్నాన్నలు, మాటలున్న ఇళ్లు. పుకారు కంటే మా మాట ముందు చేరిందని నేను ధైర్యంగా చెప్పగలిగిన రోజు అదే.

మర్నాడు అందరూ రాలేదు. రానివాళ్లను రమ్మని మేం ఒత్తిడి చేయలేదు. వచ్చిన పిల్లల్లో రెండో తరగతి వాళ్లు ఉన్నారు, ఒకటో తరగతి గదిలో ఒక్కరోజూ కూర్చోకుండా నేరుగా రెండులోకి వచ్చినవాళ్లు. వాళ్లకు ఎక్కడ కూర్చోవాలో తెలియదు, బాత్‌రూంకు పోవాలంటే అడగాలని తెలియదు. వాళ్లలో కొందరి అమ్మలు బయట చాలాసేపు నిలబడ్డారు. నా గొంతు గుర్తుపట్టి ఒక పాప "ఫోన్ల మేడం" అంది. నేను వాళ్లను చూడటం చాలామందిని అదే మొదలు, వాళ్లకు మాత్రం నేను కొత్త కాదు.

అప్పటి నుంచి మేం ఇంటికి చెప్పే మాటల రకం కూడా మారింది. బడి ఉందా లేదా అన్నది పోయి, మీ పిల్లకు అక్షరాలు కలిపి చదవడం ఇంకా రావడం లేదు, ఇంట్లో రోజూ కొంచెంసేపు కూర్చోబెట్టండి అని చెప్పాల్సి వచ్చింది. ఇది చెప్పడం సులువు కాదు. తల్లి తన తప్పు అనుకుంటుంది, లేదా మా తప్పు అనుకుంటుంది. రెండేళ్లు వారం వారం మాట్లాడిన పరిచయం ఉండబట్టి మా మాటను కోపం లేకుండా విన్నారని నా నమ్మకం. 2022 జనవరిలో సంక్రాంతి సెలవులు నెలాఖరు దాకా పొడిగించినప్పుడు, ఫిబ్రవరి 1న మళ్లీ తెరిచినప్పుడు ఊళ్లో గందరగోళం లేదు. ఉత్తర్వు వచ్చిన సాయంత్రమే కబురు పోయింది, తెల్లారేసరికి అందరికీ తెలుసు.

ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నడుస్తోంది, మొదటిది నిండిపోతే ఇంకొకటి పెట్టాం. జూన్‌లో అడ్మిషన్‌కు వచ్చిన తల్లి నంబర్ చెప్పగానే అక్కడే ఆ నంబర్‌కు రింగ్ ఇచ్చి చూస్తాం, మోగకపోతే రాసుకోం. దీపావళి తర్వాత బొంబాయి పోయే ఇళ్లవాళ్లు బయల్దేరేముందు ఒకసారి బడికి వచ్చి అక్కడి నంబర్, మేస్త్రీ నంబర్ రాయించి పోతున్నారు, ఇప్పుడు మేం అడగాల్సిన పని కూడా లేదు. మా హెచ్ఎం సార్ బదిలీ అయి వెళ్లేటప్పుడు కొత్తగా వచ్చిన సార్‌కు చార్జి ఇచ్చిన వస్తువుల్లో చాక్‌పీసుల డబ్బాలు, రిజిస్టర్లతో పాటు దాన్నీ లెక్కలో రాయించి సంతకం పెట్టించారు.